ఆ కుర్చీకి ఎవరు తగినవారు?

పౌర గ్రంథాలయ శాఖకు కొత్త డైరెక్టర్‌ని ఎలా ఎంచుకోవాలి? ఈ ప్రశ్న మీద వాదించుకుంటున్నవారు ఇద్దరు వియ్యాలవారు. ఒకరు డిప్యూటీ కలెక్టరుగా రిటైరైన పెద్దమనిషి. మరొకరు పల్లెటూరి శాఖా గ్రంథాలయంలో చేరి, జిల్లా కేంద్ర గ్రంథాలయం దాకా పనిచేసి రిటైరైన లైబ్రేరియన్. ఆయన పాలనానుభవం వైపు, ఆమె వృత్తి విద్య వైపు. ఇద్దరూ చదువరులే. ఊరి గ్రంథాలయం బాగుపడాలన్న తపన ఇద్దరికీ ఉంది కాబట్టే ఎవరూ ఊరికే తలాడించలేదు.

అధికారి: చెల్లెమ్మగారూ, సూటిగానే చెబుతాను. డైరెక్టరు పుస్తకాలకు నంబర్లు వెయ్యడు, ఇష్యూ కౌంటర్లో కూర్చోడు. ఆర్థికశాఖ చేత నిధులు విడుదల చేయించాలి, ఖాళీ పోస్టులకు అనుమతి తేవాలి, భవనాలకు స్థలం సంపాదించాలి, కోర్టు కేసుల్లో కౌంటర్లు వేయించాలి. ఇదంతా పరిపాలన. దీనికి లైబ్రరీ సైన్సు పట్టా ఎందుకు? ఐఏఎస్ అధికారో, గ్రూప్-1లో వచ్చినవారో ఆ కుర్చీలో ఉంటే ఫైలు కదులుతుంది.

లైబ్రేరియన్: ఫైలు కదలాలి, కాదనను. ఆ ఫైల్లో ఏం రాసి ఉండాలో ఎవరు చెబుతారు అన్నయ్యగారూ? నిధులు విడుదలయ్యాయనుకోండి. పిల్లల పుస్తకాలకు ఎంత, పత్రికలకు ఎంత, నిఘంటువులకు ఎంత? చేపలు పట్టుకు బతికే ఊరికీ, యూనివర్సిటీ ఉన్న ఊరికీ ఒకటే జాబితా పంపాలా? ఎవరూ ముట్టని పుస్తకాన్ని ఎన్నేళ్లు బీరువాలో ఉంచాలి? పగలంతా పనికి పోయే మనిషి సాయంత్రం వస్తే తలుపు తెరిచి ఉండాలంటే పనివేళలు ఎలా మార్చాలి? ఈ సంగతులు పట్టనివారు తెచ్చిన నిధులు మార్చి నెలాఖరులో హడావుడిగా ఖర్చవుతాయి. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒకే గైడు కట్టలు కట్టలుగా వచ్చి పడింది. పక్క బడి పిల్లలు కథల పుస్తకం అడిగితే ఇవ్వడానికి కొత్తది ఒక్కటీ లేదు.

అధికారి: సలహా చెప్పడానికి మీలాంటివారు కింద ఉంటారు కదా. కలెక్టరుకు వ్యవసాయం రాకపోయినా ధాన్యం కొనుగోళ్లు నడిపిస్తాడు. వైద్య ఆరోగ్యశాఖ కార్యదర్శి డాక్టరా? నీటిపారుదల శాఖ కార్యదర్శి ఇంజనీరా? తెలిసినవారిని అడిగి నిర్ణయం తీసుకోవడమే అధికారి నేర్పు.

లైబ్రేరియన్: మీ ఉదాహరణలే తీసుకుందాం. కార్యదర్శి డాక్టరు కారు, నిజమే. ఆయన కింద ప్రజారోగ్య డైరెక్టరు మాత్రం డాక్టరే. నీటిపారుదల శాఖలో ఇంజనీర్-ఇన్-చీఫ్ ఇంజనీరే. కార్యదర్శి ప్రభుత్వం తరఫున మాట్లాడతారు, శాఖాధిపతి ఆ పని తరఫున మాట్లాడతారు. గ్రంథాలయాల దగ్గరకొచ్చేసరికి పైన కార్యదర్శీ పాలనాధికారి, కింద డైరెక్టరూ పాలనాధికారి అయితే పని తెలిసిన గొంతు ఆ గదిలో ఎక్కడుంది? అడిగితే చెప్పేవారు కింద ఉంటారన్నారు. ఏం అడగాలో తెలియాలన్నా పని తెలియాలి కదండీ.

అధికారి: సరే, ఆ గదిలోంచి బయటికి రండి. గ్రంథాలయాలకు ప్రాణాధారం సెస్సు. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. మున్సిపాలిటీలూ పంచాయతీలూ ఇంటిపన్నుతో కలిపి వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. వసూలు చెయ్యడానికి వచ్చిన చేతులు జమ చెయ్యడానికి రావు. ఆ సొమ్ము ఇతర ఖర్చులకు వాడేసుకుంటారు, బకాయిలు కొండలా పెరుగుతాయి. మున్సిపల్ కమిషనర్ ఎదురుగా కూర్చుని, పద్దుల పుస్తకం తెరిపించి, ‘ఈ డబ్బు మీది కాదు, పాఠకులది’ అని చెప్పగలిగిన మనిషి కావాలి. నేను రెవెన్యూలో బకాయిలు వసూలు చేసినవాణ్ణి. ఆ మాట ఎవరు చెబితే వింటారో నాకు తెలుసు. లైబ్రేరియన్ వెళితే కమిషనర్‌ని కలవడమే గగనం.

లైబ్రేరియన్: సెస్సు విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. అంత హోదా ఉన్నవారు ఆ కుర్చీలో కూర్చున్న రోజుల్లోనూ బకాయిలు ఎందుకు పేరుకుపోయాయి మరి? చాలాసార్లు అది వారికి అదనపు బాధ్యత. అసలు శాఖ వేరే ఉంటుంది, మన ఫైళ్లు సంతకాలకు మాత్రం వెళ్తాయి. ఏ ఊరు ఎంత బాకీయో అర్థమయ్యేలోగా బదిలీ ఉత్తర్వు వస్తుంది. ఇది పాత జబ్బే. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1948లో గ్రంథాలయ చట్టం వచ్చింది. దానికోసం రంగనాథన్ ఏళ్ల తరబడి తిరిగారు. విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియార్ దాన్ని నెగ్గించారు. తీరా చట్టం వచ్చాక, గ్రంథాలయ డైరెక్టరు పనిని విద్యాశాఖ డైరెక్టరుకే అదనంగా అంటగట్టారు. తమిళనాడులో ప్రత్యేక శాఖ ఏర్పడి, గ్రంథాలయశాస్త్రం చదువుకున్న తిల్లైనాయగం గారు డైరెక్టరు కావడానికి 1972 దాకా పట్టింది. చట్టం చేసిన దాదాపు పాతికేళ్లకు!

అధికారి: అదనపు బాధ్యతను నేనూ సమర్థించను. పూర్తికాలపు మనిషి ఉండాల్సిందే. రంగనాథన్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆయన ఎవరు? మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయన్ని తొలి లైబ్రేరియన్‌గా తీసుకున్నప్పుడు గ్రంథాలయాల గురించి ఆయనకు తెలిసిందల్లా ఇంటర్వ్యూ ముందు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో చదువుకున్న వ్యాసమే. ఆ రోజు మీరు సెలక్షన్ కమిటీలో ఉంటే ‘పట్టా లేదు’ అని ఆయన దరఖాస్తు పక్కన పెట్టేవారు. భారతదేశం తన గ్రంథాలయశాస్త్ర పితామహుణ్ణి పోగొట్టుకునేది!

లైబ్రేరియన్: తరవాతి కథ కూడా చెప్పండి అన్నయ్యగారూ. చేరిన కొద్ది రోజులకే ఆయనకు ఆ ఉద్యోగం మీద విసుగు పుట్టింది. మళ్లీ పాఠాలు చెప్పుకోవడానికి పోతానన్నారు. విశ్వవిద్యాలయం ఆయన్ని లండన్ పంపింది. అక్కడ యూనివర్సిటీ కాలేజీలోని లైబ్రేరియన్ల బడిలో చదివారు. బెర్విక్ సేయర్స్ దగ్గర వర్గీకరణ నేర్చుకున్నారు. ఇంగ్లండులో ఊరూరా గ్రంథాలయాలు చూశారు. సామాన్య జనం వాటిని ఎలా వాడుకుంటున్నారో కళ్లారా చూశాకే ఇది తన జీవితకాలపు పని అని గట్టిగా అనుకున్నారు. తిరిగొచ్చి ఆ పదవిలో 1944 దాకా ఉన్నారు. ఆ ఇరవై ఏళ్లలోనే ఆయన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాల పుస్తకం 1931లో, పుస్తకాలను విషయాలవారీగా అమర్చే కోలన్ వర్గీకరణ 1933లో వచ్చాయి. లెక్కల మాస్టారు పితామహుడు కావడం వెనక శిక్షణ ఉంది, కుదురుగా పనిచేసేందుకు దొరికిన కాలం ఉంది. మీరు పంపే అధికారికి ఆ శిక్షణా లేదు, ఆ ఇరవై ఏళ్లూ లేవు. ఆ రెండూ ఇవ్వండి, నేను పట్టా అడగను.

అధికారి: ఇది మీ నోట వినాలనే ఆగాను. పట్టా ముఖ్యం కాదన్నమాట. అమెరికా సంగతి చూడండి. 1939లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అధిపతిగా ఆర్చిబాల్డ్ మెక్లీష్ అనే కవిని ఎంపిక చేశాడు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గట్టిగా ఎదిరించింది, కవికి ఇంత పెద్ద సంస్థ నడపడం ఏమొచ్చని. సెనేట్ ఒప్పుకుంది. అంతకుముందు హెర్బర్ట్ పుట్నం నలభై ఏళ్లు ఆ పదవిలో ఉన్నాడు. విభాగాలన్నీ నేరుగా ఆయనకే జవాబుదారీగా ఉండి చిక్కులు పడిపోయాయి. ఆ చిక్కులు విప్పి సంస్థను కొత్త పద్ధతిలో నిలబెట్టినవాడు వృత్తి తెలియని ఆ కవే. ఎదిరించినవారిలో చాలామంది తరవాత మెచ్చుకున్నారు.

లైబ్రేరియన్: మెచ్చుకోదగ్గ పనే చేశాడు. ఎలా చేశాడో చూడండి. వచ్చిన ఏడాదిలోపే బయటి లైబ్రేరియన్లతో ఒక కమిటీ వేసి, తన సంస్థలో లోపాలు వెతకమన్నాడు. వాళ్లు రాసిన నివేదికను బీరువాలో పెట్టలేదు, దాని ఆధారంగానే విభాగాలు మార్చాడు. తనకు తెలియదని తెలిసిన మనిషి అతను. అలాంటి కవి దొరికితే నేనూ చేతులెత్తి మొక్కుతాను. ఒక మెక్లీష్‌ని చూపించి, అదనపు బాధ్యతల మీద వచ్చేవారందరికీ తలుపు తెరవకండి. అరుదుగా జరిగేదాన్ని ఆనవాయితీ చేస్తే నష్టపోయేది పాఠకుడు.

అధికారి: మరి మీ ఆనవాయితీ ఏమిటి?

లైబ్రేరియన్: బరోడా చూడండి. మహారాజు శాయాజీరావు గైక్వాడ్ అమెరికాలో ఊరూరా ఉన్న గ్రంథాలయాలు చూసి, తన రాజ్యంలోనూ అలాగే రావాలనుకున్నాడు. దివాన్‌ని పిలిచి ‘నువ్వే ఈ పనీ చూసుకో’ అనలేదు. 1910లో విలియం ఆలన్సన్ బోర్డెన్ అనే వృత్తి లైబ్రేరియన్‌ని అమెరికా నుంచి పిలిపించాడు. బోర్డెన్ ఉన్నది మూడేళ్లే. ఆ మూడేళ్లలో కేంద్ర గ్రంథాలయానికి రూపం వచ్చింది, పల్లెలకు పుస్తకాల పెట్టెలు పంపే ఏర్పాటు వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడివారికే శిక్షణ ఇచ్చి వెళ్లాడు. ఆయన వెళ్లాక కూడా పని ఆగలేదు. ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ సంగతీ అంతే. యునెస్కో సాయంతో 1951 అక్టోబరు 27న నెహ్రూ చేతుల మీదుగా మొదలైంది. డైరెక్టరు డి.ఆర్. కాలియా వృత్తి లైబ్రేరియన్. సంచార వాహనాల్లో పుస్తకాలు బస్తీలకు వెళ్లాయి.

అధికారి: బరోడాలో బోర్డెన్ వెనక మహారాజు ఉన్నాడమ్మా! ఖజానా తాళం ఉన్నవాడు స్వయంగా ‘కానివ్వు’ అంటే ఏ పనైనా అవుతుంది. ఇవాళ్టి మీ డైరెక్టరు వెనక ఎవరున్నారు? ఆర్థికశాఖలో సెక్షన్ ఆఫీసరు దగ్గర కూర్చుని బతిమాలాలి. నేనడిగేది ఆ మహారాజు బలంలో కొంతైనా ఉన్న మనిషిని. ఇంకో మాట. మన తెలుగునేల మీద గ్రంథాలయాలు ఎవరు పెట్టారు? 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు లైబ్రరీ సైన్సు చదివారా? 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు చదివారా? 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం గారిని ఏ కమిటీ ఎంపిక చేసింది? కేరళలో పి.ఎన్. పణిక్కర్ బడిపంతులు. 1945లో 47 గ్రంథాలయాలను కూడగట్టి సంఘం పెట్టాడు. 1989 చట్టంతో అక్కడ ఎన్నికైన గ్రంథాలయ మండళ్లే అన్నీ నడుపుతున్నాయి. జనం పట్టింపే అసలు బలం, వృత్తి కాదు.

లైబ్రేరియన్: ఆ పేర్లు వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. వాళ్లు సొంత డబ్బు పెట్టారు, సొంత ఆస్తి కరగబెట్టారు. వాళ్లను ఎవరూ నియమించలేదు కాబట్టి ఎవరూ బదిలీ చెయ్యలేకపోయారు. ఆ త్యాగాన్ని చూపించి, జీతమిచ్చే కుర్చీలో ఎవరున్నా ఒకటేనంటే వాళ్లను తక్కువ చేసినట్టే అవుతుంది. పైగా వాళ్లు వృత్తిని చిన్నచూపు చూడలేదు. అయ్యంకి గారి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమే విజయవాడలో లైబ్రేరియన్లకు శిక్షణ తరగతులు నడిపింది. పట్టింపు ఉంటే చాలదు, నేర్పు కూడా కావాలని మనకన్నా ముందే గ్రహించారు. కేరళ సంగతి వేరు. అక్కడ ప్రతి ఊళ్లో సభ్యులున్న సంఘాలు దశాబ్దాలుగా నిలబడి ఉన్నాయి, ఎన్నికకు అవి పునాది. మన జిల్లా గ్రంథాలయ సంస్థ ఛైర్మన్‌ని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. ఆ పునాది లేనప్పుడు డైరెక్టరు ఎంపికైనా పకడ్బందీగా జరగొద్దా?

అధికారి: సరే, కాసేపు మీ దారికే వస్తాను. వృత్తివారినే తీసుకుందాం. ఎవర్ని? సీనియారిటీ జాబితాలో పైన ఉన్నవారినేనా? రిటైర్మెంటుకు ఏడాది ముందు పదోన్నతి మీద వచ్చి, సన్మానం చేయించుకుని వెళ్లిపోయే డైరెక్టరు మీకు సమ్మతమేనా? పాతికేళ్లు ఒకే పద్ధతిలో పనిచేసిన మనిషి కొత్తగా ఏం ఆలోచిస్తాడు? ఇవాళ రీడింగ్ హాళ్లు చూడండి. పొద్దున్నే వచ్చి రాత్రి దాకా కూర్చునేది పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. వాళ్లకు కావాల్సింది కుర్చీ, ఫ్యాను, మంచినీళ్లు, మరుగుదొడ్డి, ఇంటర్నెట్. వర్గీకరణ సంఖ్యలతో వాళ్లకు పనిలేదు. ఈ మార్పు మీ సీనియర్లకు కనపడిందా?

లైబ్రేరియన్: సీనియారిటీ ఒక్కటే కొలత కాకూడదు. మా వాళ్లు నొచ్చుకున్నా సరే, ఈ మాట నేనే చెబుతాను. ఏళ్లు గడిచినంత మాత్రాన ఎవరూ ఆ కుర్చీకి తగినవారు కారు. పోటీ పరీక్షల పిల్లల సంగతి మీరు ఎత్తడం మంచిదైంది. డైరెక్టరుకు అసలు పరీక్ష అదే. వాళ్లు పేదింటి పిల్లలు, ఇంట్లో చదువుకునే చోటులేక వస్తారు. వాళ్లను పాఠకులు కారనడం అన్యాయం. అలాగని హాలంతా వాళ్లకే వదిలేస్తే పదేళ్ల పిల్ల లోపలికి రావడానికి జంకుతుంది, పేపరు చదువుకోవడానికి వచ్చే ముసలాయన బయట నిలబడతాడు, ఆడపిల్లలు సాయంత్రం కాగానే మానేస్తారు. ఉన్న గదుల్లోనే వాళ్లకొక వేళ, పిల్లలకొక మూల, ఆడవాళ్లకు భద్రత, చదువు రానివారికి చదివి వినిపించే ఏర్పాటు, అన్నీ కుదర్చాలి. ఉద్యోగం వచ్చి వెళ్లిపోయే కుర్రాడి చేతిలో వెళ్లేముందు ఒక నవల పెట్టగలగాలి. ఫ్యాన్లు వేయించడం మీ అధికారికి చేతనవును. ఆ కుర్రాణ్ణి జీవితాంతం పాఠకుడిగా నిలబెట్టుకోవడం మా పని.

అధికారి: ఇంత చెప్పారు, ఎంపిక ఎలా చేస్తారో చెప్పండి. సర్వీసు నిబంధనలున్నాయి, ఒక్క పొరపాటు జరిగితే కోర్టులో స్టే వస్తుంది. ఊహలు కాదు, కాగితం మీద పెట్టగలిగింది చెప్పండి.

లైబ్రేరియన్: మొదట పనిని రాసిపెట్టాలి. మనం మనిషిని వెతకడంతో మొదలుపెడతాం, తప్పంతా అక్కడే ఉంది. రాబోయే అయిదేళ్లలో ఎన్ని శాఖా గ్రంథాలయాలకు సొంత భవనం కావాలి, ఎన్నిటికి లైబ్రేరియన్ లేరు, సెస్సు బాకీ ఎంత, పుస్తకాల కొనుగోలు ఏ పద్ధతిలో జరగాలి, ఇవన్నీ నోటిఫికేషన్‌లోనే ఉండాలి. దరఖాస్తు పెట్టేవారికి ఏ బరువు ఎత్తుకోబోతున్నారో తెలియాలి. తరవాత, శాఖలోవారికీ బయటివారికీ దరఖాస్తు పెట్టుకునే అవకాశం ఇవ్వాలి. లైబ్రరీ సైన్సు చదువుతోపాటు పాఠకులతో నేరుగా పనిచేసిన అనుభవం తప్పనిసరి. సెలక్షన్ కమిటీలో కార్యదర్శి ఉంటారు, విశ్వవిద్యాలయం నుంచి లైబ్రరీ సైన్సు ఆచార్యులు, వేరే రాష్ట్రంలో పౌర గ్రంథాలయాలు నడిపినవారు, ఒక రచయిత, ఒక పాఠకుడు కూడా ఉంటారు.

అధికారి: పాఠకుడా? నిబంధనల్లో ఎక్కడుంది?

లైబ్రేరియన్: సెస్సు కట్టేది ఆయనే కదండీ, నిబంధనల్లో రాయించండి. ఇక ఇంటర్వ్యూ. అరగంట ప్రశ్నలతో మనిషి తెలియడు. తుది జాబితాలోని ప్రతి ఒక్కరినీ ముందుగా చెప్పకుండా ఒక శాఖా గ్రంథాలయానికి పంపాలి. తెరిచింది మొదలు మూసేదాకా అక్కడ కూర్చుని, ఎవరొచ్చారు, ఏం అడిగారు, ఏది దొరక్క వెళ్లిపోయారు, ఆ ఊరికి ఏం కావాలి అని నివేదిక రాయాలి. ఆ నివేదిక మీద కమిటీ ప్రశ్నించాలి. కనీసం అయిదేళ్ల పదవీకాలం ఉండాలి, కారణం రాయకుండా మధ్యలో తీసెయ్యకూడదు.

అధికారి: పదవీకాలం కాగితం మీద రాస్తే నిలుస్తుందా? అమెరికా చూడండి. కార్లా హేడెన్ మీరు కోరుకునే మనిషే. 1993 నుంచి బాల్టిమోర్ నగర గ్రంథాలయాన్ని నడిపింది. 2015 ఏప్రిల్‌లో అల్లర్లు చెలరేగి చుట్టూ దుకాణాలు మూతపడితే, గొడవ జరిగిన కూడలి దగ్గరున్న శాఖను ఆమె మూయించలేదు. 2016లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అధిపతి అయింది, ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ. చట్టంలో పదేళ్ల పదవీకాలం రాసి ఉంది. 2025 మేలో, ఆ పదేళ్లు నిండకముందే అధ్యక్షుడు ఆమెను తొలగించాడు. చట్టంలో రాసుకున్న పదేళ్లు ఆమెను కాపాడలేకపోయాయి.

లైబ్రేరియన్: అది నా గుండెకు తగిలిన సంగతే. అయినా రాయొద్దని అంటారా? రాసి ఉంది కాబట్టే తొలగింపు లోకానికంతా తెలిసింది, జనం ప్రశ్నించారు. మన దగ్గర డైరెక్టరు మారితే పేపర్లో ఒక మూల బదిలీల జాబితాలో పేరు వస్తుంది. రీడింగ్ హాల్లో ఆ పేపరు చదివేవారికి కూడా అది తమ సంగతి అని తెలియదు. పదవీకాలం రాసుకోవడంతోపాటు, ఏటా ఆ డైరెక్టరు ఏం చేశారో ప్రతి గ్రంథాలయం నోటీసు బోర్డు మీద పెట్టించాలి. సెస్సు ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఏ మున్సిపాలిటీ ఎంత బాకీ. అప్పుడు ఆయన వెనక నిలబడేది పాఠకులే.

అధికారి: బాకీల పట్టిక నోటీసు బోర్డు మీద! ఇది నాకు నచ్చింది. కమిషనర్లు దీనికి మాత్రం జడుస్తారు. దీనికి ఇంకొకటి కలపండి. సెస్సు వసూలుకు, కోర్టు వ్యవహారాలకు డైరెక్టరు కింద రెవెన్యూలోనో ఆర్థికశాఖలోనో పనిచేసిన ఒక అధికారిని పూర్తికాలానికి ఇవ్వండి. జాయింట్ డైరెక్టర్ అనండి, ఇంకేమైనా అనండి. అప్పుడు మీ వృత్తి మనిషికి పుస్తకాల మీద, పాఠకుల మీద మనసు నిలుస్తుంది.

లైబ్రేరియన్: అంటే పై కుర్చీ మాది, కింది కుర్చీ మీది అని ఒప్పుకున్నట్టేనా?

అధికారి: అంత తొందరపడకండి. నా నమ్మకం ఇప్పటికీ మారలేదు. శిక్షణకు ఒప్పుకుని, అయిదేళ్లు కదలనని రాసిచ్చి, మీరు చెప్పినట్టు శాఖా గ్రంథాలయంలో రోజంతా కూర్చుని నివేదిక రాయగలిగిన పాలనాధికారి ఉంటే, పట్టా లేదని దరఖాస్తు తిప్పి పంపొద్దు. లండన్‌కు వెళ్లకముందు రంగనాథన్ కూడా పట్టా లేని మనిషే.

లైబ్రేరియన్: ఎంపికైన ఏడాదిలోగా వృత్తి శిక్షణ పూర్తి చెయ్యాలి. లేకపోతే పదవి ఉండదు. ఈ షరతు మీద అయితే తీసుకోండి.

అధికారి: ఆ షరతు న్యాయంగానే ఉంది. ఇన్‌ఛార్జి డైరెక్టరు అనే మాటే ఉండకూడదని కూడా రాయండి. పదవి ఖాళీ అవడానికి ఆరు నెలల ముందే నోటిఫికేషన్ రావాలి.

లైబ్రేరియన్: రాద్దాం. ఇక మీ అధికారులూ మా లైబ్రేరియన్లూ ఒకే వరసలో నిలబడి పోటీ పడనివ్వండి. ఊరి గ్రంథాలయంలో కూర్చుని ఎవరి నివేదిక పాఠకుణ్ణి సరిగ్గా చూసిందో, ఆ కుర్చీ వాళ్లది.